ఖాళీ ఎంటర్, తప్పు అంకె: పైథాన్ ప్రోగ్రాంలో ఇన్‌పుట్‌ను సరిగ్గా తీసుకోవడం ఎలా?

ఫిబ్రవరి వచ్చిందంటే వరంగల్ ఏనుమాముల మార్కెట్ ఎర్రబడుతుంది. యార్డు గేటు దాటకముందే మిర్చి ఘాటుకు తుమ్ములు మొదలవుతాయి. మా బాబాయి అడ్తి దుకాణం, అంటే రైతుల సరుకును కమీషన్ మీద అమ్మిపెట్టే దుకాణం, అక్కడే. తక్‌పట్టీ (తూకం, ధర, రైతుకు వచ్చే డబ్బు రాసిచ్చే చీటీ) లెక్కల కోసం ఆయనకు పైథాన్‌లో ఒక చిన్న ప్రోగ్రాం రాసిచ్చాను. నల్ల తెర మీద నాలుగు ప్రశ్నలు అడుగుతుంది: రైతు పేరు, బస్తాలు, తూకం, ధర. చివర్లో లెక్క చూపిస్తుంది. ఇంట్లో ఎన్నిసార్లు నడిపినా ఒక్కసారీ ఆగలేదు. దుకాణంలో పెట్టిన మొదటి రోజు పదకొండు గంటలకే గుమాస్తా ఫోన్ చేశాడు.

"ఏంది బిడ్డా గిది, ఇంగ్లిష్‌ల ఏదేదో వచ్చి ఆగిపాయె. పొద్దుగాల్నుంచి కొట్టినయన్నీ పోయినయా?"

పోయాయి. ధర దగ్గర ఆయన 15,400 అని కొట్టాడు. చిట్టీ మీద కామాతోనే రాసి ఉంటుంది కాబట్టి అలాగే కొట్టాడు. నా ప్రోగ్రాంకు కామా తెలియదు. వ్యాల్యూఎర్రర్ (ఇచ్చిన విలువ కుదరలేదు) అని చెప్పి ఆగిపోయింది. అప్పటిదాకా కొట్టిన పట్టీలన్నీ మెమొరీలోనే ఉన్నాయి, ఫైల్‌లోకి వెళ్లలేదు. మధ్యాహ్నం అన్నం కూడా తినకుండా ఆయన మళ్లీ మొదటి నుంచి కొట్టాడు.

ఆ రాత్రి కంగారులో నేను చేసిన సవరణ ఇంకా పెద్ద తప్పు. మార్చలేని జవాబు ఏది వచ్చినా, ఖాళీగా వచ్చినా, సున్నా అనుకోమని రాశాను. ప్రోగ్రాం ఆగడం మానేసింది. కొన్నాళ్లకు ధర దగ్గర ఎంటర్ పొరపాటున పడి, ఒక రైతుకు సున్నా రూపాయల పట్టీ వచ్చింది. ఆయన చదువుకున్న మనిషి, అక్కడే చూసి చెప్పాడు కాబట్టి సరిపోయింది. ఆగిపోయే ప్రోగ్రాం కనీసం తప్పు జరిగిందని చెబుతుంది. సున్నా వేసుకుని ముందుకెళ్లే ప్రోగ్రాం అదీ చెప్పదు.

అప్పుడు మొత్తం మళ్లీ రాశాను. ఆ పద్ధతే ఇక్కడ మెట్టు మెట్టుగా చెబుతున్నాను. కోడ్‌ను తెలుగు లిపిలో, ల్యాబ్‌లో పక్కన కూర్చున్నవాళ్లకు చదివి వినిపించినట్టు రాశాను. డెఫ్, వైల్, ట్రై, ఇన్‌పుట్ లాంటి పైథాన్ మాటలను మీరు ఇంగ్లిష్ అక్షరాల్లోనే టైప్ చేయాలి. ధర, సంఖ్య లాంటి సొంత పేర్లను మాత్రం తెలుగులోనే ఉంచవచ్చు, పైథాన్ 3 వాటిని ఒప్పుకుంటుంది.

మొదటి మెట్టు: ఇన్‌పుట్ ఏమి తెచ్చి ఇస్తుందో తెలుసుకోండి

ఇన్‌పుట్ ఫంక్షన్ ఎప్పుడూ స్ట్రింగ్‌నే ఇస్తుంది. మనిషి 12 అని కొట్టినా చేతికి వచ్చేది ఒకటి, రెండు అనే రెండు అక్షరాలు. దాన్ని అంకెగా మార్చుకోవడం మన పని. (పాత పైథాన్ 2 లో ఇదే పేరున్న ఫంక్షన్ కొట్టినదాన్ని కోడ్‌లా నడిపేది. దాని సపోర్ట్ 2020 జనవరి 1తో ఆగిపోయింది. పాత పాఠాలు చూసి నేర్చుకుంటున్నవాళ్లు ఈ తేడా గుర్తుంచుకోవాలి.)

ప్రశ్న అడిగాక సరైన జవాబు రాకపోతే అయిదు రకాల్లో ఏదో ఒకటి జరుగుతుంది. మనిషి ఏమీ కొట్టకుండా ఎంటర్ నొక్కితే ఖాళీ స్ట్రింగ్ వస్తుంది. స్పేస్ నొక్కి ఎంటర్ కొడితే ఖాళీలా కనిపించే ఖాళీ కానిది వస్తుంది. "పన్నెండు" అనో "12 బస్తాలు" అనో కొడితే అంకెగా మారదు. 1200 అని కొడితే అంకెగా మారుతుంది, కానీ ఒక రైతు 1200 బస్తాలు తెచ్చి ఉండడు. ఇక అయిదోది, అసలు ఇన్‌పుటే అయిపోవడం. దాని సంగతి చివర్లో చూద్దాం.

ఈ అయిదింటికీ ఒకే జవాబు చెప్పే ప్రోగ్రాం మనిషిని విసిగిస్తుంది. "తప్పు ఇన్‌పుట్, మళ్లీ ప్రయత్నించండి" అంటే ఏది తప్పో ఆయనకెలా తెలుస్తుంది? ఖాళీకి ఒక మాట, మారని దానికి ఒక మాట, కుదరని దానికి ఒక మాట చెప్పాలి.

రెండో మెట్టు: అంచులు శుభ్రం చేయండి

ఇన్‌పుట్ వచ్చిన వెంటనే స్ట్రిప్ పిలవండి. ముందూ వెనుకా ఉన్న స్పేసులు పోతాయి, స్పేసులే కొట్టిన జవాబు కూడా నిజంగా ఖాళీ అవుతుంది. ఖాళీయా కాదా అనే పరీక్ష దీని తర్వాతే పెట్టాలి, ముందు పెడితే స్పేసులు తప్పించుకుంటాయి.

తెలుగులో పనిచేసేవాళ్లకు ఇక్కడ ఇంకో చిక్కు ఉంది. మన టైపింగ్‌లో "పైథాన్‌లో" లాంటి మాటల మధ్య కంటికి కనిపించని ఒక అక్షరం పడుతుంది. జీరో విడ్త్ నాన్ జాయినర్ అంటారు, యూనికోడ్‌లో దాని నంబర్ 200సి. అది స్పేస్ కిందకు రాదు కాబట్టి స్ట్రిప్ దాన్ని తీయదు. వాట్సాప్‌లో వచ్చిన మెసేజ్ నుంచి 12 కాపీ చేసి పెడితే, వెనక అది కూడా వస్తే, తెర మీద 12 అనే కనిపిస్తుంది, స్ట్రింగ్‌ను అంకెగా మార్చే ఇంట్ మాత్రం ఒప్పుకోదు. మనిషి ఎన్నిసార్లు చూసుకున్నా తప్పు దొరకదు. అంకెలు అడిగే చోట రీప్లేస్‌తో ఆ అక్షరాన్ని ముందే తీసేయండి. వేరియబుల్ పేర్లలో కూడా అది పడకుండా చూసుకోండి, పైథాన్ సింటాక్స్ఎర్రర్ ఇస్తుంది.

మూడో మెట్టు: అడుగు, చూడు, కాదంటే మళ్లీ అడుగు

మొత్తానికి గుండెకాయ ఇదే. నిదానంగా చదవండి.

```
డెఫ్ బస్తాలు_అడుగు():
    వైల్ ట్రూ:
        జవాబు = ఇన్‌పుట్("బస్తాలు ఎన్ని? ").స్ట్రిప్()
        ఇఫ్ జవాబు == "":
            ప్రింట్("బస్తాల లెక్క కొట్టలేదు. అది లేకుండా పట్టీ రాదు.")
            కంటిన్యూ
        ట్రై:
            సంఖ్య = ఇంట్(జవాబు)
        ఎక్సెప్ట్ వ్యాల్యూఎర్రర్:
            ప్రింట్("మీరు కొట్టింది:", జవాబు)
            ప్రింట్("అంకె మాత్రమే కొట్టండి. ఉదాహరణకు 12")
            కంటిన్యూ
        ఇఫ్ నాట్ (1 <= సంఖ్య <= 500):
            ప్రింట్(సంఖ్య, "బస్తాలా? 1 నుంచి 500 లోపు ఉండాలి.")
            కంటిన్యూ
        రిటర్న్ సంఖ్య
```

ట్రై కింద తప్పు వస్తే ప్రోగ్రాం ఆగకుండా ఎక్సెప్ట్ కిందకు వెళ్తుంది. ట్రై కింద ఒక్క లైనే ఉంది, గమనించండి. అంకెగా మార్చే లైన్ తప్ప ఇంకేదీ అందులో పెట్టకండి. పది లైన్లు పెడితే, ఆ పదింటిలో మీరు చేసిన ఇంకో పొరపాటు వల్ల వ్యాల్యూఎర్రర్ వచ్చినా ప్రోగ్రాం గుమాస్తానే తప్పు పడుతుంది. పాపం ఆయన సరైన అంకే కొట్టి ఉంటాడు.

ఎక్సెప్ట్ పక్కన వ్యాల్యూఎర్రర్ అని పేరు తప్పకుండా రాయండి. పేరు లేని ఎక్సెప్ట్ అన్నింటినీ పట్టేస్తుంది. ఇన్‌పుట్ లైన్ కూడా ట్రైలో ఉంటే, కంట్రోల్ సి నొక్కితే వచ్చే కీబోర్డ్ఇంటరప్ట్‌ను కూడా పట్టేసి మళ్లీ ప్రశ్న అడుగుతుంది. ప్రోగ్రాం ఆపడానికి మామూలు దారి ఉండదు, కిటికీ మూసేయాల్సిందే. పోనీ ఎక్సెప్ట్ ఎక్సెప్షన్ అని రాస్తే? కంట్రోల్ సి పనిచేస్తుంది కానీ ఇన్‌పుట్ అయిపోయిందని చెప్పే ఈఓఎఫ్ఎర్రర్ దాని కిందకే వస్తుంది. ఇన్‌పుట్ లైన్ కూడా ట్రైలో ఉండి, ఇన్‌పుట్ అయిపోయిందంటే ప్రోగ్రాం అదే మాట తెర నిండా ఆగకుండా ప్రింట్ చేస్తూ పోతుంది.

చాలా పాఠాల్లో ట్రై బదులు, అన్నీ అంకెలేనా అని చూసే ఈజ్‌డిజిట్ వాడమంటారు. నేను వద్దంటాను. పైన రాసే చిన్న రెండును (²) ఈజ్‌డిజిట్ అంకెగానే ఒప్పుకుంటుంది, ఇంట్ ఒప్పుకోదు. మైనస్ గుర్తు ఉన్న అంకెకు ఈజ్‌డిజిట్ కాదంటుంది, ఇంట్ అవునంటుంది. పరీక్షించేది ఒకటి, మార్చేది ఇంకొకటి అయినప్పుడు ఆ సందులోంచి తప్పులు జారతాయి. మార్చి చూడటమే సరైన పరీక్ష.

నాకు బాగా నచ్చిన సంగతి ఒకటుంది. పైథాన్ ఇంట్ మన తెలుగు అంకెల్ని చదువుతుంది. ౧౨ అని కొట్టినా 12 ఇస్తుంది, దీనికి మనం ఏమీ రాయనక్కర్లేదు.

కాలేజీలో సీ, జావాలతో మొదలుపెట్టినవాళ్లు ఈ లూప్‌ను అక్కడ ఉన్నదున్నట్టు రాస్తే బోల్తా పడతారు. సీలో స్కాన్ఎఫ్ అంకె కోసం చూస్తుంటే అక్షరం వచ్చిందనుకోండి, ఆ అక్షరాన్ని అక్కడే వదిలేస్తుంది. లూప్ తిరిగి వచ్చి మళ్లీ దాన్నే చూస్తుంది, మళ్లీ కాదంటుంది, ఇక ఆగదు. జావా స్కానర్‌లో నెక్స్ట్ఇంట్ కూడా అంతే, మారని మాటను మింగదు. రెండింటిలోనూ మందు ఒకటే: లైన్ మొత్తం ముందు చదివేయడం, తర్వాత మార్చడం. పైథాన్ ఇన్‌పుట్ ఎలాగూ లైన్ మొత్తం తీసుకుంటుంది కాబట్టి మనకు ఆ బాధ లేదు.

నాలుగో మెట్టు: డబ్బు, కామా

కామా చూడగానే రీప్లేస్‌తో తీసేస్తే సరిపోతుందని మొదట నేనూ అనుకున్నాను. ధర 15,400 కు అది పనిచేస్తుంది. కానీ తూకం దగ్గర 5.16 కొట్టబోయి చుక్క బదులు పక్కనే ఉన్న కామా నొక్కితే? 5,16 కాస్తా 516 అవుతుంది. వంద రెట్లు తేడా, ఎర్రర్ మాత్రం ఉండదు.

అందుకని కామా ఎక్కడ పడిందో చూడాలి. మన పద్ధతిలో చివరి కామా తర్వాత సరిగ్గా మూడు అంకెలు ఉంటాయి, దాని ముందు కామాల మధ్య రెండేసి ఉంటాయి: 15,400 గానీ 1,25,000 గానీ. ఈ అచ్చులో ఉంటేనే కామాలు తీయండి, లేకపోతే మళ్లీ అడగండి. తూకం దగ్గరైతే కామానే ఒప్పుకోకండి. "చుక్క బదులు కామా పడిందేమో చూడండి" అని చెబితే మనిషి వెంటనే దిద్దుకుంటాడు.

డబ్బుకు ఫ్లోట్ (చుక్క ఉన్న అంకెల మామూలు రకం) వాడొద్దు. ఫ్లోట్‌లో 0.1, 0.2 కలిపితే 0.30000000000000004 వస్తుంది. పైసల తేడాకు కూడా మార్కెట్‌లో మాట పడాల్సి వస్తుంది. డెసిమల్ మాడ్యూల్ వాడండి, స్ట్రింగ్‌నే నేరుగా దానికి ఇవ్వండి. ఒక్క జాగ్రత్త: మారని స్ట్రింగ్ ఇస్తే డెసిమల్ ఇచ్చేది వ్యాల్యూఎర్రర్ కాదు, ఇన్‌వ్యాలిడ్ఆపరేషన్. అది అరిథ్మెటిక్ఎర్రర్ కుటుంబంలోది. ఎక్సెప్ట్‌లో వ్యాల్యూఎర్రర్ మాత్రమే రాసి ఉంటే పట్టుబడదు, ప్రోగ్రాం ఆగిపోతుంది.

```
డెఫ్ రూపాయలు_చదువు(జవాబు):
    ఇఫ్ "," ఇన్ జవాబు:
        ఇఫ్ నాట్ కామాలు_సరేనా(జవాబు):
            రెయిజ్ వ్యాల్యూఎర్రర్("కామా తప్పు చోట ఉంది")
        జవాబు = జవాబు.రీప్లేస్(",", "")
    ట్రై:
        మొత్తం = డెసిమల్(జవాబు)
    ఎక్సెప్ట్ ఇన్‌వ్యాలిడ్ఆపరేషన్:
        రెయిజ్ వ్యాల్యూఎర్రర్("ఇది అంకె కాదు")
    ఇఫ్ నాట్ మొత్తం.ఈజ్_ఫైనైట్():
        రెయిజ్ వ్యాల్యూఎర్రర్("ఇది అంకె కాదు")
    రిటర్న్ మొత్తం
```

కామాలు_సరేనా అనేది పైన చెప్పిన అచ్చును చూసే చిన్న ఫంక్షన్, అక్షరాల అచ్చును పోల్చే రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్‌తో ఒక లైన్‌లో అయిపోతుంది. ఈజ్_ఫైనైట్ ఎందుకంటారా? ఫ్లోట్ అయినా డెసిమల్ అయినా నాన్ (నాట్ ఎ నంబర్), ఇన్ఫినిటీ అనే మాటల్ని అంకెలుగా ఒప్పుకుంటాయి. కీబోర్డు మీద ఎవరూ వాటిని కొట్టకపోవచ్చు. వేరే ప్రోగ్రాం రాసిన ఫైల్‌లో ఖాళీ గడి బదులు నాన్ ఉండటం మామూలే. ఫ్లోట్‌లో నాన్‌ను దేనితో పోల్చినా, పెద్దదా అన్నా చిన్నదా అన్నా, జవాబు కాదనే వస్తుంది. "సున్నా కంటే తక్కువైతే వద్దు" అని రాస్తే నాన్ దర్జాగా లోపలికి వచ్చేస్తుంది. "ఈ హద్దుల మధ్య లేకపోతే వద్దు" అని తిప్పి రాస్తే ఆగుతుంది. మూడో మెట్టులో ఇఫ్ నాట్ అని రాసింది ఈ అలవాటు కోసమే.

అయిదో మెట్టు: ఒక జవాబును ఇంకో జవాబుతో సరిచూడండి

చాలామంది ఇక్కడిదాకా రారు. ఒక్కో జవాబు విడిగా చూస్తే సరిగానే ఉండి, పక్కపక్కన పెడితే కుదరకపోవచ్చు. 12 బస్తాలు, తూకం 516 అని వచ్చిందనుకోండి. రెండూ అంకెలే. కానీ తూకం అడిగింది క్వింటాళ్లలో. గుమాస్తా కాంటా మీద కిలోలు చూసి 516 అని కొట్టాడు. అసలు 5.16 క్వింటాళ్లు. తూకాన్ని బస్తాలతో భాగిస్తే బస్తాకు 4,300 కిలోలు వస్తుంది. మిర్చి బస్తా అంత ఉండదని పిల్లలకు కూడా తెలుసు. 5.16 అయితే బస్తాకు 43 కిలోలు, అది నమ్మదగిన లెక్క.

మా దుకాణానికి బస్తా 25 నుంచి 60 కిలోల మధ్య ఉండాలని హద్దు పెట్టాను. దాటితే ప్రోగ్రాం ఇలా అడుగుతుంది: "బస్తాకు 4,300 కిలోలు పడుతోంది. కిలోల్లో కొట్టారా? 5.16 క్వింటాళ్లు అనుకోవాలా?" అవునంటేనే మారుస్తుంది. తనంతట తానే మార్చుకోదు. ఊహించవచ్చు, చూపించవచ్చు, ఒప్పుకోవాల్సింది మాత్రం మనిషే.

ఈ హద్దులు కంప్యూటర్ ముందు కూర్చుని పెట్టేవి కావు. నేను ఒక పొద్దంతా కాంటా పక్కన నిలబడి హమాలీ అన్నలను అడిగి పెట్టుకున్నాను.

ఆరో మెట్టు: ఖాళీ ఎక్కడ చెల్లుతుంది, ఎక్కడ చెల్లదు

తేదీ దగ్గర ఖాళీ ఎంటర్‌కు ఈ రోజు తేదీ తీసుకోవడం మంచిదే, రోజూ అదే కొట్టాలంటే విసుగు. కాకపోతే ఏది తీసుకుంటుందో ప్రశ్నలోనే కనపడాలి: "తేదీ (ఎంటర్ కొడితే 24-02-2025): ". కొడితే డేట్‌టైమ్ మాడ్యూల్‌లోని ఎస్‌టీఆర్‌పీటైమ్‌తో చదవండి. 29-02-2025 లాంటి లేని తేదీకి అదే వ్యాల్యూఎర్రర్ ఇస్తుంది.

ధర, తూకం, బస్తాల దగ్గర మాత్రం ఖాళీకి బదులు ఏదీ పెట్టకండి, నిన్నటి ధర కూడా. జెండా పాట, అంటే యార్డు వేలంలో పలికే ధర, రోజూ మారుతుంది.

మిర్చి రకం దగ్గర పేరు కొట్టించకండి. చపాటా అని ఒకరు, చపాట అని ఒకరు, టమాటా మిర్చి అని ఇంకొకరు కొడతారు. వరంగల్ చపాటా మిర్చికి 2025లో జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు వచ్చింది, లెక్కల్లో దాన్ని తేజ రకంతో కలిపేస్తే రైతుకు నష్టం. 1 తేజ, 2 చపాటా అని జాబితా చూపించి నంబర్ అడగండి.

ఏడో మెట్టు: ఇన్‌పుట్ అయిపోతే

లినక్స్‌లో కంట్రోల్ డి, విండోస్‌లో కంట్రోల్ జెడ్ కొట్టి ఎంటర్ నొక్కితే, లేదా ఫైల్ నుంచి ఇన్‌పుట్ ఇస్తుంటే ఆ ఫైల్ ముగిస్తే, ఈఓఎఫ్ఎర్రర్ వస్తుంది. ఇక మళ్లీ అడిగి లాభం లేదు, జవాబు చెప్పడానికి అవతల ఎవరూ లేరు. దీన్ని ఒక్కో ప్రశ్న దగ్గర కాకుండా, ప్రోగ్రాం అన్నింటికంటే పైన ఒకేచోట పట్టండి. కీబోర్డ్ఇంటరప్ట్‌ను కూడా అక్కడే. సగంలో ఉన్న పట్టీని వదిలేసి, "చివరి పట్టీ పూర్తికాలేదు, ముందువన్నీ భద్రంగా ఉన్నాయి" అని చెప్పి, సున్నా కాని ఎగ్జిట్ కోడ్‌తో (పని సరిగ్గా ముగియలేదని కంప్యూటర్‌కు చెప్పే సంఖ్య) ముగించండి.

"భద్రంగా ఉన్నాయి" అని నిజాయితీగా చెప్పాలంటే, పట్టీ పూర్తయిన ప్రతిసారీ ఫైల్ చివర ఒక లైన్ రాసి మూసేయాలి. సాయంత్రం అన్నీ ఒకేసారి రాద్దామనుకోకండి. కరెంటు పోతే ఏ ఎక్సెప్టూ కాపాడదు. ఫైల్ తెరిచేటప్పుడు ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8 అని తప్పకుండా రాయండి. విండోస్‌లో అది చెప్పకపోతే రైతు పేరు తెలుగులో రాసేచోట యూనికోడ్ఎన్‌కోడ్ఎర్రర్ వచ్చి ఆగిపోవచ్చు.

ఎనిమిదో మెట్టు: తప్పులు కొట్టి చూడండి

నేను ఇంట్లో నడిపినప్పుడు ఎందుకు ఆగలేదు? ఏది కొట్టాలో నాకు తెలుసు కాబట్టి. అడిగే ఫంక్షన్‌ను, చదివే ఫంక్షన్‌ను విడదీయమని అందుకే అంటున్నాను. రూపాయలు_చదువు లోపల ఇన్‌పుట్ లేదు, కాబట్టి దానికి ఏ స్ట్రింగ్ అయినా ఇచ్చి చూడవచ్చు. నా జాబితాలో ఇవి ఉన్నాయి: ఖాళీ, మూడు స్పేసులు, 15,400, 15,40, 1,25,000, 15400/-, రూ.15400, -5, 0, ౧౫౪౦౦, నాన్, వెనక కనిపించని అక్షరం ఉన్న 12. కొత్త తప్పు ఏది దొరికినా ఈ జాబితాలో చేరుతుంది, కోడ్ మార్చిన ప్రతిసారీ జాబితా మొత్తం నడుస్తుంది. 15400/- ను మా గుమాస్తా కొట్టాడు, చిట్టీ మీద అలా రాసి ఉండటం వల్లే. నాకు చచ్చినా తట్టేది కాదు.

తర్వాత ఆ తప్పులన్నీ ఒక ఫైల్‌లో లైన్‌కొకటి రాసి, ఆ ఫైల్‌నే ప్రోగ్రాంకు ఇన్‌పుట్‌గా ఇవ్వండి. ఫైల్ మధ్యలోనే ముగిసేలా ఉంచండి. ఆగకుండా తిరిగితే ఏడో మెట్టు సరిగ్గా పడలేదన్నమాట.

పోయిన సీజన్‌లో గుమాస్తా ఇంకొకటి అడిగాడు. "తూకం కొట్టినంక బస్తాలు తప్పు కొట్టిన్నని యాదికొస్తది బిడ్డా. ఎన్కకు పోనీకి తొవ్వ పెట్టు." నేను మళ్లీ అడగడం గురించే ఆలోచించాను, వెనక్కి వెళ్లడం గురించి కాదు. ప్రశ్నలన్నింటినీ ఒక లిస్ట్‌లో పెట్టి, ఎన్నో ప్రశ్నలో ఉన్నామో ఒక సంఖ్యలో ఉంచుకుంటే ఇది కష్టం కాదు. జవాబు సరైతే ఆ సంఖ్యకు ఒకటి కలపాలి, మైనస్ గుర్తు ఒక్కటే కొడితే ఒకటి తీసేయాలి, మొదటి ప్రశ్న దగ్గరైతే అక్కడే ఉండాలి. మైనస్‌నే ఎందుకంటే అది ఆయన వేలికి దగ్గర, అంకెల కీల పక్కనే ఉంటుంది.